చిన్న స్పోర్ట్సుకారునకు క్రొత్త చక్రములు

గడచిన మాసమున కుట్టుమిషనును శుభ్రపఱచి నూనె వేయు విధమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున కారుచక్రములను గూర్చి వ్రాయబూనితిని. "ఆడువారికి కారుచక్రములతో నేమి పని?" యని యింటిలోని మగవారు పత్రికను ప్రక్కకు నెట్టవచ్చును. నెట్టనిండు. నేడు మన యాడుబిడ్డలు తమ సంపాదనముతో కార్లు కొనుచున్నారు, తామే నడుపుకొనుచున్నారు. బిడ్డ యెక్కిన బండి యెట్టి చక్రములపై పరుగెత్తుచున్నదో తెలిసికొనుట తల్లికి తగని పని కాదు. పైగా బియ్యములో రాళ్లు నేరు కన్నును, పాత్ర కొనునపుడు మ్రోగించి చూచు చెవియు మనకు చిన్ననాటినుండి యలవడినవే. చక్రము కొనునపుడు కావలసినవియు నవియే.

నా చెల్లెలి కుటుంబము ముప్పది యేండ్లుగా అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున నివసించుచున్నది. ఆమె కుమార్తె చదువు ముగించి యుద్యోగమున చేరిన రెండవ యేట నొక పాత కారు కొనెను. అది మజ్దా ఎమ్.ఎక్స్.-5 అను చిన్న స్పోర్ట్సుకారు. ఆ దేశమున దీనిని మియాటా యందురు. మొన్నటి వేసవిలో నేను వారి యింటికి వెళ్లునప్పటికే యా కారు మూలమున తల్లికిని కూతురికిని మాటలు లేవు.

ముందుగా కారును గూర్చి రెండు మాటలు. జపానులోని హిరోషిమా నగరమున మజ్దా కంపెనీవారు దీనిని చేసిరి. 1989వ సంవత్సరము ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనమున మొదటిసారి జనులకు చూపిరి. 1960 ప్రాంతపు ఇంగ్లీషు చిన్నకార్ల పోకడను, ముఖ్యముగా లోటస్ ఎలాన్ వంటివానిని మనసునందుంచుకొని దీనిని తీర్చిరి. ఇరువురు మాత్రమే కూర్చుండవచ్చును. పైకప్పు మడచి వెనుకకు వేయదగినది. మొదటి తరపు కారు బరువు వెయ్యి కిలోలకు లోపు. 2016 నాటికి ఇట్టి కార్లు పదిలక్షలు తయారైనవి. వేగముకంటె తేలికతనమే దీని సొగసు. ఈ యొక్క మాట గుర్తుంచుకొనుడు. తక్కిన విషయమంతయు దీనిమీదనే నిలిచియున్నది.

మా పిల్ల కొన్నది 1990 నాటి కారు. దాని కంపెనీచక్రములు పదునాలుగంగుళములవి, చిన్నవి. స్నేహితుల కార్లకు పెద్ద చక్రములు చూచి, తానును పదునేడంగుళముల నల్లని నిగనిగలాడు చక్రములు చవుకగా దొరకినవని కొని, బిగింపించుకొనెను. వారము తిరుగకుండ గంటకు అఱువది మైళ్ల వేగమున స్టీరింగు వణకజొచ్చెను. మలుపు తిరిగినపుడు టైరు మడ్గార్డు అంచునకు ఒరసికొనుచుండెను. అమ్మిన దుకాణమువారు "కొన్నాళ్లకు సర్దుకొనును" అనిరి. ఆ దేశమున చలికాలమందు రోడ్డు పగుళ్లలోనికి చేరిన నీరు గడ్డకట్టి, కరగి, మరల గడ్డకట్టుటచే వసంతమునాటికి రోడ్లు గుంతలు పడును. ఒక రాత్రి అట్టి గుంతలో ముందుచక్రము పడి యంచు పగిలెను. గాలి యంతయు పోయెను. పెద్దరోడ్డు ప్రక్కన, లారీలు రివ్వున పోవుచుండగా, పిల్ల ఒంటరిగా గంటన్నర కూర్చుండెను. దైవకృపచే దెబ్బ తగులలేదు. కాని నా చెల్లెలు ఆ రాత్రినుండి "కారు అమ్మివేయుము" అను మాట తప్ప మఱొకటి యెఱుగదు.

"పెద్దమ్మా, నా జీతముతో కొనుకొన్న మొదటి వస్తువు అది. అమ్మకు నీవైనను చెప్పుము" అని పిల్ల నన్నడిగెను. తల్లి భయము అబద్ధము కాదు. కూతురి ముచ్చటయు తప్పు కాదు. ఎవరి పక్షము పలికినను రెండవవారి మనసు నొచ్చును. కాబట్టి "అమ్మకు తరువాత చెప్పెదను గాని, ముందు ఆ పగిలిన చక్రమును, పాత చక్రమును తెచ్చి నాయెదుట పెట్టుము" అంటిని. నా కుట్టుపెట్టెలోని కొలతటేపు, ఒక నోటుపుస్తకము, స్నానాలగదిలోని తూకపుయంత్రము, ఇవి మా పరికరములు. రెండుగంటలలో మాకు తెలిసినదానిని మీకును చెప్పెదను.

మొదటి కొలత బోల్టులది. మియాటాచక్రమునకు నాలుగు బోల్టులు. వాని నడిబిందువులగుండ గీచిన వలయము వ్యాసము 100 మిల్లీమీటర్లు. నాలుగు రంధ్రముల చక్రమునకు ఎదురెదురు రంధ్రముల నడిమి దూరమే ఆ వ్యాసము. ఐదు రంధ్రములున్నచో ఎదురు రంధ్రముండదు గనుక, ప్రక్కప్రక్క రంధ్రముల నడిబిందువుల దూరమును 1.701 చేత హెచ్చించవలయును. 98 మిల్లీమీటర్ల చక్రములు కలవు, 100 మిల్లీమీటర్లవి కలవు. కంటికి రెండును ఒకటే. రెండు మిల్లీమీటర్లే కదాయని బలవంతముగా బిగించినచో బోల్టు వంకరగా లాగబడి, దినదినమును అలసి, ఒకనాడు తెగును. ఇచ్చట సర్దుబాటు పనికిరాదు.

రెండవది చక్రము నడుమనున్న పెద్దరంధ్రము. కారు ఇరుసుపై ఉబ్బెత్తుగా నుండు హబ్బు ఈ రంధ్రములో దూరి చక్రమును సరిగా నడిమికి తెచ్చును. మియాటా హబ్బు 54.1 మిల్లీమీటర్లు. బయట అమ్ము చక్రములను అనేక కార్లకు సరిపోవుటకై పెద్దరంధ్రముతో చేయుదురు. మా పిల్ల చక్రమున ఆ రంధ్రము 73.1 మిల్లీమీటర్లు. నడుమనున్న సందును పూడ్చుటకు ఒక యుంగరము వేయవలయును. దానిని ప్లాస్టికుతోగాని అల్యూమినియముతోగాని చేయుదురు. దుకాణమువారు దానిని వేయనేలేదు. చక్రము వెండ్రుకవాసి ప్రక్కకు నిలిచినను వేగమున వణకుట మొదలిడును. "సర్దుకొనును" అన్న వణకునకు కారణము ఇంత చిన్నది.

మూడవది వెడల్పు, దానితోడి ఆఫ్‌సెట్టు. ఇది కొంచెము చిక్కైనది, నెమ్మదిగా చదువుడు. చక్రపు వెడల్పునకు సరిగా నడుమ ఒక గీత గీచితిమనుకొనుడు. హబ్బునకు ఆనుకొను తలము ఆ గీతనుండి బయటివైపునకు ఎంత దూరమున నున్నదో అదియే ఆఫ్‌సెట్టు. చక్రము వెనుక ఇ.టి. అను అక్షరములప్రక్క ఆ యంకె వేసియుండును. కంపెనీచక్రము వెడల్పు 5½ అంగుళములు, ఆఫ్‌సెట్టు 45. వెడల్పులో సగము 69.85 మిల్లీమీటర్లు. అందుండి 45 తీసివేసిన, హబ్బునుండి బయటికి 24.85, 45 కలిపిన, లోపలికి 114.85. పగిలిన చక్రము వెడల్పు 7½ అంగుళములు, ఆఫ్‌సెట్టు 35. సగము 95.25, బయటికి 60.25, లోపలికి 130.25. అనగా క్రొత్తచక్రము బయటికి 35 మిల్లీమీటర్లు, లోపలికి 15 మిల్లీమీటర్లు ఎక్కువగా పొడుచుకొని వచ్చినది. మడ్గార్డునకు ఒరయక యేమగును? రవికెకు చుట్టుకొలత తీసిన స్త్రీ ఎవరైనను ఈ లెక్కను అరనిమిషమున చేయగలదు. ఒక్క జాగ్రత్త: చక్రపు వెడల్పనగా టైరు అంచులు కూర్చుండు చోట్ల నడుమ దూరము, బయటి అంచునుండి అంచునకు కొలిచినచో ఎక్కువ వచ్చును.

నాలుగవది ఎత్తు. టైరుపై 185/60 ఆర్ 14 అని యుండును. 185 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 60 అనగా టైరు ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటికి 60 పాళ్లు, అనగా 111 మిల్లీమీటర్లు. 14 చక్రపు వ్యాసము అంగుళములలో, అనగా 355.6 మిల్లీమీటర్లు. పైనను క్రిందను గోడలు కలిపిన మొత్తము 577.6. కారు వేగమును చూపు ముల్లు ఈ యెత్తును నమ్ముకొనియే లెక్క చెప్పును. పదునేడంగుళముల చక్రముపై వేసిన టైరు 205/40; దాని యెత్తు 595.8. నూటికి మూడు పాళ్లు హెచ్చు. ముల్లు అఱువది చూపునపుడు కారు నిజముగా అఱువదిరెండు మైళ్ల వేగమున పోవుచుండును. అంతకంటె ముఖ్యమైన మాట: ప్రక్కగోడ 111 మిల్లీమీటర్లనుండి 82కు తగ్గినది. గుంతలో పడినపుడు దెబ్బ నోర్చుకొనునది ఆ రబ్బరుగోడయే. పఱుపు పలుచనైన కొలది నేల వీపునకు తగులును గదా!

పదునైదంగుళముల చక్రముపై 195/50 టైరు వేసి చూడుడు: 381కి 195 చేర్చిన 576. మొదటి యెత్తునకు ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే తేడా. ప్రక్కగోడ 97.5. ఈ కారును ప్రేమించువారిలో అనేకులు ఈ కొలతనే యెన్నుకొనుటకు కారణ మిదియే.

ఇక బరువు. పిల్ల తూకపుయంత్రముపై నొకసారి ఉత్తచేతులతోను, ఒకసారి చక్రము నెత్తుకొనియు నిలిచెను. పాతచక్రము టైరుతో కలిపి 28 పౌనులు, పెద్దది 43. ఒక్కొక్క మూలను పదునైదు పౌనులు, అనగా సుమారు ఏడు కిలోలు అధికము. కారు దేహము స్ప్రింగులపై నూగును. చక్రము, టైరు, బ్రేకు స్ప్రింగులకు క్రిందనుండును. గతుకు తగిలినపుడు చక్రము పైకి లేచి వెంటనే దిగి నేలను పట్టవలయును. బరువైన చక్రము ఆలస్యముగా దిగును. ఆ క్షణమున కారునకు పట్టు లేదు. మఱియు చక్రము తిరుగు వస్తువు. తిరుగలిరాయి పెద్దదై, బరువంతయు అంచుననే యున్నచో మొదట కదల్చుట కష్టము, ఆపుట అంతకంటె కష్టము. తేలికకారని ముచ్చటపడి కొని, దానికి బరువుచక్రములు తగిలించుట పసిబిడ్డ కాళ్లకు కడియములకు బదులు ఇనుపగుండ్లు తొడుగుట వంటిది.

తేలికతనమును, గట్టితనమును నిర్ణయించునది తయారు చేసిన విధము. మన యిండ్లలో పోతపోసిన యిత్తడిపాత్రయు, సాగగొట్టిన యిత్తడిబిందెయు రెండును గలవు. కరగిన అల్యూమినియమును అచ్చులో పోసి చేసినవి పోతచక్రములు, చవుక. వేడిచేసిన దిమ్మను మహాబలముగల యంత్రముచే అదిమి రూపుదిద్దినవి ఫోర్జిచక్రములు. తేలిక, దృఢము, వెల అనేక రెట్లు. పోతపోసి, పిదప అంచును మాత్రము త్రిప్పుచు ఒత్తి సాగదీసినవి మూడవ జాతి. వెలయు గుణమును నడిమివి. మితిమీఱిన దెబ్బ తగిలినపుడు ఫోర్జిచక్రము తఱచుగా వంగును, పోతచక్రము తఱచుగా పగులును. జపానులో రేస్ కంపెనీవారు 1996లో టి.ఇ.37 అను చక్రమును తెచ్చిరి. పదునైదంగుళముల వ్యాసము, ఆఱంగుళముల వెడల్పుగల చక్రమును 3.7 కిలోలలో చేయవలయునని పూనిన సంకల్పమే ఆ పేరునందలి 37. అంతకు ముందు 1960 ప్రాంతమున ఇంగ్లాండులో మినిలైట్ అను ఎనిమిది ఆకుల చక్రములను మెగ్నీషియముతో చేసిరి. మెగ్నీషియము మిక్కిలి తేలిక. కాని పైరంగు పోయినచో త్వరగా చివుకును. ఆ రూపమున నేడు అల్యూమినియముచక్రములు దొరకును. ఈ కారునకు అవి సొగసుగానుండును.

కొనునపుడు చక్రమును బోర్లించి వెనుకవైపు చూడుడు. జె.డబ్ల్యు.ఎల్. అను గుర్తు జపాను ప్రభుత్వ రవాణాశాఖ నిర్ణయించిన పరీక్షలకు చక్రము నిలిచినదని తయారీదారు వేయునది. వి.ఐ.ఏ. అను గుర్తు వేఱొక సంస్థ పరీక్షించినదనుటకు సాక్ష్యము. చక్రము మోయగల బరువును తెలుపు అంకెయు నుండవలయును. కారు తలుపుచట్రమునకు అంటించిన పట్టికలో ముందు ఇరుసు, వెనుక ఇరుసు ఎంత బరువు మోయునో వ్రాసియుండును. అందు సగమునకు తక్కువ కాకుండ ఒక్కొక్క చక్రము మోయవలయును. పగిలిన చక్రమును బోర్లించి చూచితిమి. గుర్తు లేదు, అంకె లేదు, చేసినవారి పేరును లేదు. గొప్ప చక్రముల రూపమును అనుకరించి చేసిన నకలు అది. పిల్ల ముఖము చిన్నబోయెను. "నూఱు చీరలలో అంచు చూచి మోసపోయినవారము మేము. నీవొక్కతెవే కావు" అని యోదార్చితిని.

పాతచక్రములు కొనదలచినవారు లోపలి అంచును చూడవలయును. వంకరలును, అతుకులును అక్కడనే దాగియుండును. క్రొత్తగా రంగు పూసినదానిని మఱింత అనుమానింపుడు. టైరుషాపులో త్రిప్పి చూపుమనుడు, ఊగినచో వదలివేయుడు. పగులును అతికించిన చక్రమును ఎంత చవుకగా ఇచ్చినను తేవలదు.

బిగించుట కూడ ఒక విద్యయే. నట్టు మొన శంఖువువలె నుండునా, గుండ్రముగా నుండునా యని చక్రపు రంధ్రముతో పోల్చి చూడవలయును. రెండును కలియనిచో ఎంత బిగించినను నిలువదు. మియాటా బోల్టు 12 మిల్లీమీటర్ల మందము, మరల నడుమ దూరము 1.5. కారు గాలిలో నుండగనే ఎదురెదురుగా కొంచెము కొంచెము బిగించి, నేలకు దింపి, టార్క్ రెంచితో 90 మొదలు 118 న్యూటన్-మీటర్ల లోపల ముగింపవలయును. యంత్రపు తుపాకితో బిగించి పంపువారిని నమ్మి ఊరకుండరాదు. ఏబది అఱువది మైళ్లు తిరిగిన పిదప మరల నొకసారి రెంచి పెట్టి చూచుకొనవలయును. తరువాత సంరక్షణ సులభము: మెత్తని సబ్బునీరు, మెత్తని గుడ్డ. ఆమ్లముగల ద్రావకములు పూతను తినివేయును. సన్నని ఆకులనేకము గల చక్రము నగిషీకుందివంటిది. చూచుటకు అందము, తోముటకు అలసట. చలిదేశములలో రోడ్లపై చల్లు ఉప్పు అల్యూమినియమును చెఱచును గనుక, చలికాలమునకు పాతచక్రములను దాచియుంచుకొనుట మేలు.

ఈ లెక్కలన్నియు నోటుపుస్తకమున వ్రాసి, పిల్ల స్వయముగా తల్లియెదుట పెట్టెను. నేను నోరు విప్పలేదు. నా చెల్లెలు లెక్కల పంతులమ్మగా పనిచేసినది. పెన్సిలు తీసికొని ఆఫ్‌సెట్టు లెక్కను మొదటినుండి చేసి చూచెను. "పదునైదంగుళముల చక్రము 6½ వెడల్పు, ఆఫ్‌సెట్టు 40 అయినచో బయటికి 17.7, లోపలికి 7.7 మాత్రమే హెచ్చును. ఇది ఒరయదు" అని తానే తేల్చెను. పలురోజుల తరువాత కూతురితో ఆమె పలికిన మొదటి పెద్దమాట అది. అటువంటి చక్రములనే, నడిరంధ్రము సరిగా 54.1 కలవానిని, గుర్తులన్నియు చూచి తెప్పించిరి. బిగించుచున్నంతసేపును నా చెల్లెలు ప్రక్కననే నిలిచి నట్టులు లెక్కపెట్టుచుండెను.

మఱునాటి సాయంకాలము కూతురు "అమ్మా, రమ్ము" అని కారు తలుపు తెఱచెను. ఇరువురకే చోటు గనుక నేను వాకిట నిలిచితిని. ముప్పావుగంటకు తిరిగివచ్చిరి. నా చెల్లెలి జడ గాలికి చెదరియున్నది. కారు అమ్మివేయు మాట ఆమె మరల ఎత్తలేదు. "గుంతలున్నచోట మెల్లగా పొమ్ము" అని మాత్రము చెప్పినది. తల్లి యా మాత్రము చెప్పకుండునా?

సోదరీమణులారా, మన దేశమున మజ్దావారు ఈ కారు నమ్ముట లేదు. కాని బోల్టులవలయము, నడిరంధ్రము, వెడల్పు, ఎత్తు, బరువు, ఈ యైదు లెక్కలును మన వాకిటనున్న యే కారునకైనను వర్తించును. బిడ్డలు ముచ్చటపడిన వస్తువును వెంటనే వలదనకుడు, వెంటనే సరేయనకుడు. కొలతటేపు తెచ్చుకొని ప్రక్కన కూర్చుండుడు. భయమునకంటె, బుజ్జగింపునకంటె, కలిసి కొలిచిన కొలత మేలు చేయును.

వచ్చు మాసమున ప్రెషరుకుక్కరు రబ్బరుపట్టీని ఎప్పుడు మార్చవలయునో వ్రాసెదను.